స్నానాలగదికి ఎంత ఫ్యాను?

వేణ్ణీళ్ళతో హాయిగా స్నానం చేసి, తువ్వాలుతో తల తుడుచుకుంటూ అద్దంలోకి చూస్తారు. అద్దంలో మీరు ఉండరు! మీ ముఖం ఉండవలసిన చోట తెల్లటి తెర ఒకటి కమ్ముకొని ఉంటుంది. వేలితో గీస్తే గీత పడుతుంది. మీ తమ్ముడైతే దానిమీద తన పేరు కూడా రాసేస్తాడు. రెండు నిమిషాలు గడిచేసరికి ఆ అక్షరాల్లోంచి నీటిచుక్కలు జారి కిందికి దిగుతాయి.

అద్దంమీద ఆట సరదాగానే ఉంటుంది. కానీ ఆ నీరు అద్దంతో సరిపెట్టుకోదు. గోడలకూ, కప్పుకూ పడుతుంది. తలుపు చెక్కలోకి దిగి ఉబ్బేలా చేస్తుంది. కొన్నాళ్ళకు కప్పు మూలల్లో నల్లటి చుక్కలు కనిపిస్తాయి. అవి మసి మరకలు కావు, ప్రాణమున్న శిలీంద్రాలు. బూజు అంటామే, అదే. వాటి సిద్ధబీజాలు గాలిలో తేలి ముక్కుల్లోకి చేరతాయి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్ళుంటే వాళ్ళకు అది గొప్ప బాధ.

అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు అంటారు: "ఎగ్జాస్టు ఫ్యాను పెట్టించాలి." కొట్టుకు వెళతారు. కొట్టాయన అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఎన్ని అంగుళాలదండీ? ఆరా, ఎనిమిదా, పన్నెండా?"

మేమూ ఒకసారి ఆ ప్రశ్నకే జవాబు చెప్పి వచ్చాం. ఎంత పెద్దదైతే అంత మంచిదనుకొని, వెంటిలేటరు మొత్తం తీయించి పన్నెండంగుళాల ఫ్యాను బిగించాం. స్విచ్చి వేయగానే ఇల్లు అదిరింది. "పిండిమర పెట్టారా ఏమిటండీ?" అని పక్కింటివాళ్ళు అడిగారు. అంత గోల చేసినా అద్దంమీద తెర తొలగలేదు! తప్పు ఫ్యానుది కాదు, మాది. ఆ తప్పేమిటో మీకు చెబుతాను. అది అర్థమైతే మీ ఇంటికి ఫ్యాను కొనేటప్పుడు మీ మాట చెల్లుతుంది.

గాలి ఎంత ఆవిరి తాగుతుంది?

గాలిలో నీటి ఆవిరి ఎప్పుడూ ఎంతో కొంత ఉంటుంది. అయితే దానికొక హద్దు ఉంది. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 17 గ్రాముల ఆవిరి పడుతుంది. 30 డిగ్రీల వద్ద 30 గ్రాములు, 40 డిగ్రీల వద్ద దాదాపు 51 గ్రాములు. హద్దు నిండిన గాలిని సంతృప్తమైన గాలి అంటారు.

చిన్న స్నానాలగదిని ఒకదాన్ని తీసుకుందాం. పొడవు 2 మీటర్లు, వెడల్పు ఒకటిన్నర, ఎత్తు 2.7 మీటర్లు. మూడింటినీ గుణిస్తే 8.1, అంటే సుమారు 8 ఘనపు మీటర్లు. వేణ్ణీళ్ళ స్నానంతో ఈ గదిలో గాలి 30 డిగ్రీలకు చేరి సంతృప్తమైందనుకోండి. అందులో 8 × 30 = 240 గ్రాముల ఆవిరి ఉన్నట్టు లెక్క. అద్దం మాత్రం చల్లగా, 20 డిగ్రీల వద్దే ఉంది. అద్దాన్ని తాకిన గాలి చల్లబడుతుంది. చల్లబడిన గాలి ఘనపు మీటరుకు 17 గ్రాములు మాత్రమే ఉంచుకోగలదు. మిగతా 13 గ్రాములనూ నీరుగా దించేస్తుంది. దీన్నే సాంద్రీకరణం అంటారు. గాలి ఏ ఉష్ణోగ్రత వద్ద ఇలా నీటిని విడవడం మొదలుపెడుతుందో దాన్ని తుషారస్థానం అంటారు. తెల్లవారుజామున గడ్డిపోచలమీద మంచుబిందువులు నిలిచేదీ, చల్లటి మజ్జిగ గ్లాసుకు బయట చెమట పట్టేదీ ఇందుకే.

ఇంకో లెక్క కూడా చూడండి. నేల 3 చదరపు మీటర్లు. స్నానం అయ్యాక దానిమీద మిల్లీమీటరులో అయిదోవంతు మందాన నీరు మిగిలినా అది 600 గ్రాములు! గాలిలో ఉన్న ఆవిరికి ఇది రెట్టింపు కన్నా ఎక్కువ. ఈ నీరంతా నెమ్మదిగా ఆవిరై గాలిలోకే చేరుతుంది. కాబట్టి స్నానం చేశాక పుల్లల చీపురుతో నీళ్ళు తూములోకి నెట్టేస్తే, ఫ్యాను చేయవలసిన పనిలో సగానికి పైగా మీ చేతులే చేసినట్టు.

ఒకసారి ఖాళీ చేస్తే చాలదా?

గదిలో 8 ఘనపు మీటర్ల గాలి ఉంది. ఫ్యాను 8 ఘనపు మీటర్లు బయటికి తోసేస్తే గది మొత్తం శుభ్రమైనట్టే గదా అని మీకు అనిపించవచ్చు. అలా కాదు. ఒక ప్రయోగం చేసి చూడండి.

గ్లాసు నిండా నీళ్ళు పోసి, పళ్ళెంలో పెట్టి, రెండు చుక్కల సిరా కలపండి. ఇప్పుడు ఇంకో గ్లాసుడు మంచినీళ్ళు సన్నటి ధారగా అందులో పోస్తూ చెంచాతో కలుపుతూ ఉండండి. పోసినంత నీరూ పొర్లిపోతుంది. గ్లాసుడు నీళ్ళూ పోయడం పూర్తయ్యాక చూడండి. రంగు పోయిందా? పోలేదు! ఎందుకంటే పొర్లిపోయిన నీటిలో సిరానీరే కాదు, అప్పుడే పోసిన మంచినీరూ కొంత ఉంది.

లెక్క కడితే మొదటి గ్లాసు తర్వాత సుమారు 37 శాతం రంగు మిగులుతుంది. రెండో గ్లాసు తర్వాత 14 శాతం, మూడో గ్లాసు తర్వాత 5 శాతం. గదిలో గాలీ అంతే. కొత్త గాలి లోపలికి వస్తూనే పాత గాలితో కలుస్తుంది. కాబట్టి గది గాలి ఒకసారి కాదు, కనీసం మూడుసార్లు మారాలి.

స్నానాలగదికి గంటకు పదిసార్లు గాలి మారేలా చూసుకుంటే మంచి లెక్క. 8 × 10 = 80. అంటే మన గదికి గంటకు 80 ఘనపు మీటర్ల గాలిని తోసే ఫ్యాను చాలు. గాలి ఒకసారి మారడానికి 6 నిమిషాలు, మూడుసార్లు మారడానికి 18 నిమిషాలు పడుతుంది. స్నానం చేసి బయటికి రాగానే ఫ్యాను ఆపేయకుండా మరో ఇరవై నిమిషాలు తిరగనివ్వాలనడంలో రహస్యం ఇదే. ఇతర దేశాల లెక్కలు కూడా ఈ దరిదాపుల్లోనే ఉన్నాయి. స్నానాలగది ఫ్యాను సెకనుకు 15 లీటర్లు, అంటే గంటకు 54 ఘనపు మీటర్లు తోయాలని బ్రిటన్ నిబంధనలు చెబుతాయి. అమెరికాలో వాడే ప్రమాణం నిమిషానికి 50 ఘనపుటడుగులు, అంటే గంటకు సుమారు 85 ఘనపు మీటర్లు.

ఇప్పుడు కొట్లో ఫ్యాను పెట్టె తిప్పి చూడండి. గంటకు ఎన్ని ఘనపు మీటర్లో దానిమీద రాసి ఉంటుంది. మన దగ్గర దొరికే ఆరంగుళాల ఫ్యానుకు సాధారణంగా 200 నుంచి 300 దాకా ఉంటుంది. అంటే అన్నిటికన్నా చిన్న ఫ్యానే మన అవసరానికి మూడింతలు! మరి పన్నెండంగుళాలది ఎందుకు కొన్నట్టు? గోల వినడానికి!

రాని గాలి పోదు

ఇంతకీ మా పెద్ద ఫ్యాను ఎందుకు ఓడిపోయింది? దీనికోసం ఇంకో చిన్న ప్రయోగం. ఖాళీ సీసా మూతికి నోరు గట్టిగా ఆనించి లోపలి గాలి పీల్చండి. కాస్త వస్తుంది, అంతే. ఆ తర్వాత ఎంత పీల్చినా రాదు. లోపలికి వేరే గాలి వచ్చే దారి లేదు గనుక సీసాలో పీడనం తగ్గిపోయి, మీ నోటితో పోటీ పడుతుంది.

మా స్నానాలగదికి అప్పుడే కొత్త తలుపు పెట్టించాం. గాలి చొరకుండా నేలకు ఆనించి మరీ బిగించాం. ఫ్యాను ఒక్క క్షణం గాలిని బయటికి తోసింది. గదిలో పీడనం కాస్త తగ్గింది. ఆ తర్వాత దాని రెక్కలు అక్కడున్న గాలినే అక్కడే చిలుకుతూ ఉండిపోయాయి. ఒక పక్క తోసిన గాలి రెక్కల అంచులనుంచి మళ్ళీ లోపలికే వచ్చింది.

దీన్ని పట్టించింది ఒక అగరువత్తి. ఫ్యాను వేసి, తలుపు మూసి, తలుపు కిందిభాగాన అగరువత్తి పట్టుకొని చూశాం. పొగ కదలకుండా నిటారుగా పైకి పోయింది. లోపలికి గాలి రావడం లేదన్నమాట! తలుపును రెండువేళ్ళ సందు తెరవగానే పొగ పాములా వంగి గదిలోకి దూకింది. మర్నాడు వడ్రంగిని పిలిచి తలుపు అడుగున ఒక సెంటీమీటరు కోయించాం. అద్దం అప్పటినుంచీ మాట వినడం మొదలుపెట్టింది. ఆ తర్వాత పెద్ద ఫ్యాను తీసేసి ఆరంగుళాలది పెట్టాం. పక్కింటివాళ్ళు కూడా సంతోషించారు.

సెంటీమీటరు చాలుతుందా? లెక్క చూడండి. తలుపు వెడల్పు 70 సెంటీమీటర్లు అయితే సందు వైశాల్యం 70 చదరపు సెంటీమీటర్లు. గంటకు 80 ఘనపు మీటర్లంటే సెకనుకు 22 లీటర్లు. ఆ గాలి ఈ సందులోంచి సెకనుకు సుమారు 3 మీటర్ల వేగంతో రావాలి. పాదాలకు చల్లగా తగిలే పిల్లగాలి అది, తేలిగ్గానే వస్తుంది. అదే 250 ఘనపు మీటర్లు రావాలంటే వేగం సెకనుకు 10 మీటర్లు కావాలి. అంత గాలిని ఆ సందులోంచి లాగే బలం చిన్న ఫ్యానుకు లేదు. అందుకే పెట్టెమీద 250 అని రాసి ఉన్నా మీ గదిలో అంత రాదు. పెట్టెమీది అంకె అడ్డేమీ లేనప్పుడు కొలిచినది.

ఎక్కడ పెట్టాలి?

ఆవిరి నిండిన గాలి బరువైనదా, పొడిగాలి బరువైనదా? చాలామంది ఆవిరి గాలే బరువంటారు. అది పొరపాటు. నీటి అణుభారం 18. గాలిలో ముఖ్యంగా ఉండే నైట్రోజనుది 28, ఆక్సిజనుది 32. తేలికైన నీటి అణువులు బరువైన అణువుల స్థానంలో చేరతాయి కాబట్టి తడిగాలి తేలిక. పైగా అది వెచ్చగా ఉంటుంది. అందుచేత కప్పువైపు లేస్తుంది. ఫ్యానును కప్పుకు దగ్గరగా బిగించాలనేది ఇందుకే.

అయితే తలుపు నెత్తిన మాత్రం వద్దు. తలుపు సందులోంచి వచ్చిన పొడిగాలి దగ్గరిదారి చూసుకొని నేరుగా ఫ్యానులోకి పోతుంది. మూలల్లో తడిగాలి అక్కడే ఉండిపోతుంది. తలుపుకు ఎదుటి గోడమీద, స్నానం చేసే చోటికి దగ్గరగా ఫ్యాను ఉంటే గాలి గదంతా తిరిగి వెళుతుంది.

కొన్ని అపార్టుమెంట్లలో స్నానాలగదికి బయటి గోడ ఉండదు. గొట్టం ద్వారా గాలిని బయటికి పంపాలి. పొడవాటి గొట్టం, అందులో వంపులు గాలికి అడ్డు. మామూలు రెక్కల ఫ్యాను ఆ అడ్డును నెగ్గలేదు. గుండ్రటి డోలు అంచున సన్నటి రెక్కలుండే బ్లోయరు రకం ఫ్యాను ఆ పీడనాన్ని తట్టుకుంటుంది. కాబట్టి గోడకైతే రెక్కల ఫ్యాను, గొట్టానికైతే బ్లోయరు. గొట్టం కొస మాత్రం ఆరుబయటే ఉండాలి, అటకమీద కాదు.

హైదరాబాదూ, కాకినాడా

ఒకే ఫ్యాను రెండు ఊళ్ళలో ఒకేలా పనిచేస్తుందా? జనవరిలో హైదరాబాదులో ఒక ఉదయం బయట 15 డిగ్రీలు, గాలి సగం మాత్రమే సంతృప్తం అనుకోండి. ఘనపు మీటరులో 6 గ్రాముల ఆవిరి ఉంటుంది. స్నానాలగదిలో 25 డిగ్రీల సంతృప్తమైన గాలిలో 23 గ్రాములు. ఫ్యాను ఒక్కో ఘనపు మీటరుతో దాదాపు 17 గ్రాముల నీటిని మోసుకుపోగలదు.

ఆగస్టులో కాకినాడ. వాన పడి వెలిసింది. బయట 28 డిగ్రీలు, గాలి 85 శాతం సంతృప్తం. అంటే బయటి గాలిలోనే 23 గ్రాములున్నాయి! లోపలి సంతృప్తమైన గాలిలో 27 గ్రాములు. తేడా 4 గ్రాములే. అదే ఫ్యాను అదే వేగంతో తిరుగుతున్నా నాలుగోవంతు పనే జరుగుతుంది. అది ఫ్యాను లోపం కాదు, రుతువు ప్రభావం. కాబట్టి కోస్తా ఊళ్ళలో వానాకాలంలో ఫ్యానును ఎక్కువసేపు తిప్పాలి, నేలమీది నీరు తప్పనిసరిగా నెట్టేయాలి. ఖర్చుకు భయపడకండి. 30 వాట్ల ఫ్యాను రోజూ అరగంట తిరిగితే నెలకు అర యూనిట్టు కూడా కాదు.

ఫ్యాను చేయలేని పని

ఇప్పుడు చెప్పబోయేది ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యం. దయచేసి ఇంట్లో పెద్దవాళ్ళకు కూడా చదివి వినిపించండి.

స్నానాలగది లోపల గ్యాసు గీజరు పెట్టి, "ఫ్యాను ఉంది గదా, భయం లేదు" అనుకునేవాళ్ళు ఉన్నారు. ప్రతి చలికాలంలోనూ గ్యాసు గీజరున్న స్నానాలగదిలో స్పృహ తప్పినవాళ్ళ గురించి, ప్రాణాలు పోయినవాళ్ళ గురించి ఏదో ఒక ఊరినుంచి పత్రికల్లో వార్త వస్తూనే ఉంటుంది. ఎందుకలా జరుగుతుంది?

నిమిషానికి 6 లీటర్ల నీటిని 25 డిగ్రీల మేర వేడిచేసే గీజరు నిమిషానికి సుమారు 16 గ్రాముల గ్యాసు మండిస్తుంది. పది నిమిషాలకు 160 గ్రాములు. అది పూర్తిగా మండడానికి దాదాపు 2 ఘనపు మీటర్ల గాలిలోని ఆక్సిజను కావాలి. మన గదిలో ఉన్నదే 8 ఘనపు మీటర్లు. పది నిమిషాల్లో నాలుగోవంతు ఆక్సిజను ఖర్చు! ఆక్సిజను తగ్గేకొద్దీ మంట సరిగా మండదు. అప్పుడు కార్బన్ డయాక్సైడుకు బదులు కార్బన్ మోనాక్సైడు పుట్టడం మొదలవుతుంది.

దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు. రక్తంలోని హిమోగ్లోబిను ఆక్సిజనును పట్టుకునే దానికన్నా 200 రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం. ఆ తర్వాత కాళ్ళు సహకరించవు. తలుపు గడియ చేతికి అందేంత దూరంలోనే ఉంటుంది, తీయడానికి శక్తి ఉండదు. ఈ వాయువును కనిపెట్టడానికే బ్రిటన్ గనుల్లో కేనరీ పిట్టలను వెంట తీసుకువెళ్ళేవారు. పిట్ట ముందుగా సొమ్మసిల్లేది, మనుషులు బయటికి పరుగెత్తేవారు. 1986 తర్వాతనే వాటి స్థానంలో యంత్రాలు వచ్చాయి.

ఫ్యాను ఉంటే? కరెంటు పోతే ఆగిపోతుంది. తలుపు బిగుతుగా ఉంటే మనం చూసినట్టు ఊరికే తిరుగుతుంది. ఇంకా దారుణం ఏమిటంటే, గదిలో పీడనం తగ్గించి, గీజరు గొట్టంలోంచి బయటికి పోవలసిన పొగను వెనక్కి లాగవచ్చు కూడా! కాబట్టి గ్యాసు గీజరు ఉండవలసిన చోటు గది బయట, ఆరుబయటి గాలి ఆడే చోట. వేణ్ణీళ్ళ గొట్టం మాత్రమే లోపలికి రావాలి. లోపలే ఉంటే వెంటనే మార్పించమనండి. అందాకా బయటే నీళ్ళు పట్టి, గీజరు ఆర్పేసి, బకెట్టు లోపలికి తెచ్చుకోవాలి. ఎవరైనా లోపల పలకకపోతే తలుపు తీసి, వాళ్ళను బయటి గాలిలోకి తెచ్చి, గ్యాసు కట్టేసి, 108కి ఫోను చేయండి.

ఇంకొక మాట. వంటగ్యాసు గాలికన్నా బరువు. కారితే నేలబారున పరుచుకుంటుంది, పైనున్న ఫ్యానుకు అందదు. గ్యాసు వాసన వస్తే ఏ స్విచ్చీ వేయవద్దు, ఆర్పవద్దు. చిన్న నిప్పురవ్వ చాలు.

కొట్టుకు వెళ్ళే ముందు

నీరూ కరెంటూ ఒకచోట ఉండే గది ఇది. ఫ్యానుమీద ఐ.పి.ఎక్స్.4 అని ఉందేమో చూడండి. ఎటునుంచి నీళ్ళు చిలికినా లోపలికి చేరవని దాని అర్థం. ఎర్తు తీగ ఉండాలి, స్విచ్చి గది బయట ఉండాలి, బిగించే పని ఎలక్ట్రీషియనుది. మీరు చేయవలసిన పని వేరే ఉంది.

టేపు తీసుకొని గది పొడవు, వెడల్పు, ఎత్తు కొలవండి. మూడింటినీ గుణించి, వచ్చినదాన్ని పదితో గుణించండి. ఆ అంకె ఒక కాగితంమీద రాసుకోండి. ఫ్యాను గోడకా, గొట్టానికా అన్నది దానికింద రాయండి. తలుపు కింద సందు ఎంతో కొలిచి అదీ రాయండి. ఈ కాగితం జేబులో పెట్టుకొని పెద్దవాళ్ళతో కొట్టుకు వెళ్ళండి.

"ఎన్ని అంగుళాలది?" అని కొట్టాయన అడిగితే, "గంటకు ఎన్ని ఘనపు మీటర్లది?" అని మీరు అడగండి. ఇంటికి తెచ్చి బిగించాక ఒక అగరువత్తి వెలిగించి తలుపు సందు దగ్గర పట్టుకోండి. పొగ లోపలికి వంగిందా? అయితే మీ లెక్క సరిపోయింది.